ఉచిత సలహా, ఖరీదైన పాఠం

మన దేశంలో అడక్కుండానే సలహా దొరికే సందర్భాలు మూడున్నాయి. ఒంట్లో నలతగా ఉన్నప్పుడు, ఇంట్లో పెళ్ళీడు పిల్ల ఉన్నప్పుడు, ఊళ్ళో నాలుగు చెక్కల పొలం ఉన్నప్పుడు. మొదటి రెండింటికీ సలహా చెప్పేవాళ్ళకి కాస్తో కూస్తో అనుభవం ఉంటుంది. వాళ్ళకీ ఎప్పుడో జలుబు చేసే ఉంటుంది, వాళ్ళూ ఎప్పుడో పెళ్ళి చేసుకునే ఉంటారు. మూడోదానికి ఆ నిబంధన కూడా లేదు. వేరుశనగ కొమ్మకి కాస్తుందా, భూమిలో ఊరుతుందా అనడిగితే ఒక్క క్షణం తడబడే పెద్దమనిషి కూడా, కాఫీ చప్పరిస్తూ, "మనవాళ్ళు శాస్త్రీయంగా సేద్యం చెయ్యరండీ, అదీ వచ్చిన చిక్కు" అనేస్తాడు.

ఈ విషయం మీద నన్ను ఆలోచనలో పడేసినవాడు మా మేనల్లుడు. వాడు పట్నంలో ఉద్యోగం మానేసి, వాళ్ళ నాన్న వదిలి వెళ్ళిన రెండెకరాలు, ఇంకో రెండెకరాలు కౌలుకి తీసుకుని, పల్నాడులో మిరప, కంది వేస్తున్నాడు. మూడేళ్ళయింది. ఈమధ్య ఫోన్‌లో ఒక మాటన్నాడు.

"మామయ్యా, పాఠాలు చెప్పేవాళ్ళు బోలెడుమంది దొరికారు. ఫీజు మాత్రం నేనొక్కణ్ణే కడుతున్నాను. ఇది న్యాయమేనంటారా?"

న్యాయాన్యాయాల సంగతి తరవాత. ముందు ఈ ఫీజేమిటో చూద్దాం.

కుట్టుపని నేర్చుకునే కుర్రాడున్నాడనుకోండి. చొక్కా కాలరు వంకరగా కుట్టాడు. మేస్త్రీ నెత్తిమీద ఒకటి మొట్టి, విప్పి మళ్ళీ కుట్టమంటాడు. సాయంత్రానికి ఆ కుర్రాడు నాలుగుసార్లు తప్పు చేసి, నాలుగుసార్లు దిద్దుకుని, ఇంటికి పోయి అన్నం తింటాడు. వంటా అంతే. ఇవాళ చారులో ఉప్పెక్కువైతే రేపు తగ్గిస్తాం. సేద్యంలో ఆ రేపు ఏడాది తరవాత గాని రాదు. జులైలో విత్తనం తప్పు పడితే ఆ సంగతి డిసెంబరులో తెలుస్తుంది. దిద్దుకోవడానికి మళ్ళీ జులై రావాలి. ఇరవై ఏళ్ళకి నాగలి పట్టి అరవై ఏళ్ళకి వదిలినా, ఏడాదికొక పంట లెక్కన, మనిషి జన్మకి నలభై పాఠాలు. అందులో కొన్ని వాన మింగేస్తుంది, కొన్ని వాన రాక పోతాయి. మిగిలిన ఒక్కొక్క పాఠానికీ ఫీజు ఒక ఏడాది తిండి. దర్జీ కుర్రాడు నెల్లాళ్ళలో చేసేసే తప్పులన్నీ చెయ్యడానికి రైతుకి మూడు జన్మలు కావాలి.

"సేద్యం నేర్చుకునేదేమిటండీ, రైతుబిడ్డకి పుట్టుకతోనే వస్తుంది" అనేవాళ్ళున్నారు. ఈతపిల్లల సంగతి ఏమో గాని, మనుషుల పిల్లలకి పుట్టుకతో ఏడవడం తప్ప ఏదీ రాదు. రైతుబిడ్డకి వచ్చినట్టు కనిపించేది పదిహేనేళ్ళ బడి. నాన్న వెనకాల గట్టు మీద నడుస్తూ, అన్నం కేరియరు మోస్తూ, మట్టి చేత్తో నలిపి "పదునుందిరా" అంటుంటే వింటూ నేర్చుకున్న చదువు. ఆ బడికి పాఠ్యపుస్తకం కూడా ఉండేది. అదే కార్తెల సామెతలు. "పుబ్బలో పుట్టెడు చల్లేకంటే మఖలో మానెడు చల్లేది మేలు" అన్నవాడు వ్యవసాయ కళాశాలలో చదవలేదు. కాని ఆ ఒక్క వాక్యం వెనక ఎన్ని తరాలవాళ్ళు పుబ్బలో చల్లి మునిగిపోయారో! సామెత అంటే మనం ముచ్చటగా చెప్పుకుంటాం. అది తాతలు కట్టేసిన ఫీజుకి రసీదు.

అయితే ఆ బడికీ రెండు చిక్కులు వచ్చిపడ్డాయి. మొదటిది, తాతలకి తెలియని పరీక్షలు వస్తున్నాయి. 2021లో మిరప చేల మీద కొత్త రకం నల్ల తామరపురుగు వచ్చిపడింది. గుంటూరు మొదలుకొని ఖమ్మం, వరంగల్లు దాకా పూతలోనే చేలని పీల్చేసింది. ముప్పై ఏళ్ళుగా మిరప పండించినవాడూ, మొన్న మొదలెట్టిన మా మేనల్లుడి వయసువాడూ ఆ ఏడు ఒకే బెంచీ మీద కూర్చున్నారు. మందు మీద మందు కొట్టి, ఆఖరికి చెట్లు పీకేసినవాళ్ళెందరో.

రెండోది, ఆ బడిలో అందరికీ ప్రవేశం లేదు. మా మేనల్లుడి పక్క చేను ఒక ఆడమనిషిది. వీడు పిన్ని అని పిలుస్తాడు. ఆవిడ ఇరవై ఏళ్ళు అదే చేలో కలుపు తీసింది, నారు నాటింది, కాయలు కోసింది. భర్త పోయిన ఏడాది తెలిసిందట, తనకి సేద్యంలో సగమే వచ్చునని. ఎరువు ఎంత వెయ్యాలో, ఏ పురుగుకి ఏ మందో, ఆ మందు ఎన్ని నీళ్ళలో కలపాలో మగవాళ్ళ లెక్క. అది ఆవిడకి ఎవరూ చెప్పలేదు, ఆవిడ అడగనూ లేదు. ఏదో శిక్షణ ఉందంటే వెళ్ళింది. "మీ ఇంట్లో మగవాళ్ళెవరూ లేరామ్మా?" అన్నారట వాకిట్లోనే. ఉంటే తనెందుకు వస్తుంది? ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న కొత్త రైతు ఆవిడ. ఇలాంటి కొత్తవాళ్ళు మనకి తక్కువేం కాదు.

మరి ఇంటిబడి చాలనివాళ్ళు ఎక్కడికి పోవాలి? నిజం చెప్పుకోవాలంటే చోట్లు లేకపోలేదు. మన దేశంలో మొదటి కృషి విజ్ఞాన కేంద్రం 1974లో పుదుచ్చేరిలో పెట్టారు. ఇప్పుడవి ఏడు వందల ముప్పైకి పైనే ఉన్నాయి. ఆమదాలవలసలో ఉంది, ఉండిలో ఉంది, గడ్డిపల్లిలో ఉంది. 2004 నుంచీ కిసాన్ కాల్ సెంటర్ ఉంది. 1800-180-1551కి పైసా ఖర్చు లేకుండా ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో రైతు భరోసా కేంద్రాలని పెట్టినవి ఇప్పుడు రైతు సేవా కేంద్రాలయ్యాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. మట్టి పరీక్ష చేసి కార్డు ఇస్తారు. మట్టి తియ్యడానికి కూడా ఒక పద్ధతుంది. చేలో ఎనిమిది పది చోట్ల, ఇంగ్లీషు 'వి' అక్షరంలా ఆరంగుళాల లోతు గుంట తీసి, పక్కనుంచి మట్టి గీకి, అంతా కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు తీసేస్తూ, అరకిలో మిగిలేదాకా తగ్గించాలి. గట్టు పక్కనా, చెట్టు నీడలో, పెంటకుప్ప వేసినచోటా తియ్యకూడదు. ఇదంతా ఫోన్‌లో వీడియోలుగా కూడా ఉంది. జ్ఞానానికి కరువు లేదు.

కరువు లేనప్పుడు రైతు ఎవరి మాట వింటున్నాడు? 2003లో జాతీయ నమూనా సర్వే వాళ్ళు ఇదే అడిగారు. కొత్త పద్ధతుల గురించి నూటికి అరవై రైతు కుటుంబాలకి ఎక్కణ్ణించీ సమాచారం అందలేదని తేలింది. అందినవాళ్ళ సంగతి చూస్తే, నూటికి పదిహేడు కుటుంబాలు తోటి రైతుని అడిగాయి. పదమూడు కుటుంబాలు ఎరువులూ మందులూ అమ్మే షాపువాణ్ణి అడిగాయి. రేడియో విన్నవీ పదమూడే. ప్రభుత్వం పంపిన ఉద్యోగిని అడిగినవి ఆరు. అప్పటికీ ఇప్పటికీ ఫోన్లొచ్చాయి, కేంద్రాలొచ్చాయి, అంకెలు మారే ఉంటాయి. కాని ఆ వరస చూడండి. చదువుకున్నవాణ్ణి వదిలేసి పక్క చేనువాడి దగ్గరికీ, షాపువాడి దగ్గరికీ ఎందుకు పోయారు?

అమాయకత్వం అనేస్తే సుఖంగా ఉంటుంది. నాకు మాత్రం అందులో గట్టి తెలివి కనిపిస్తోంది. పక్క చేనువాడు తను చెప్పిన విత్తనం తన చేలో వేశాడు. మునిగితే తనూ మునుగుతాడు. షాపువాడు అరువిస్తాడు. పంట పోతే వాడి బాకీ కూడా ఆగిపోతుంది. వాడికి మందు అమ్ముకోవాలనే ఆశ ఉన్నమాట నిజమే, రైతుకీ ఆ సంగతి తెలుసు. అయినా ఆ ఇద్దరూ ఎంతో కొంత ఒడ్డి మాట్లాడుతున్నారు. మూడోవాడు ఏదీ ఒడ్డకుండా మాట్లాడుతున్నాడు. పంట పండినా, ఎండినా ఒకటో తారీఖున జీతం వస్తుంది. రైతు తూచింది చదువుని కాదు, పూచీని. ఈ సంగతి సర్కారుకీ తెలిసినట్టే ఉంది. హైదరాబాదులోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ 2003 నుంచీ షాపువాళ్ళకే ఏడాదిపాటు వ్యవసాయంలో డిప్లొమా చదువు చెప్పిస్తోంది. రైతు బడికి రాకపోతే, రైతు వెళ్ళేచోటికే బడిని పంపించారన్నమాట. మంచి పనే. కాని అమ్మేవాడే వైద్యుడైనచోట "ఈసారి మందు అక్కర్లేదు పో" అనే మాట ఎంత కష్టమో మీకు నేను చెప్పాలా? తప్పు మందు కొట్టినా, తప్పుమీద తప్పు కొట్టినా బాకీ రైతుదే. 1997-98లో వరంగల్లు ప్రాంతంలో పత్తిని లద్దెపురుగు తినేసిన ఏడు, ఆ బాకీ ఎంతమంది ప్రాణాల మీదికి తెచ్చిందో తెలుగునాట ఎవరూ మరిచిపోలేదు.

అయితే, సలహా చెప్పిన ప్రతివాడూ నష్టానికి పూచీ పడాలా? మా మేనల్లుడి ప్రశ్నకి సూటి జవాబు ఇదే అవుననిపిస్తుంది. కాస్త ఆగి చూస్తే కుదరదనీ తెలుస్తుంది. వాన ఎవరి మాటా వినదు. మంచి సలహాకీ పంట పోవచ్చు, చెడ్డ సలహాకీ పండొచ్చు. చెప్పినవాడల్లా నష్టపరిహారం కట్టాలంటే మంచివాళ్ళు ముందు నోరు మూసుకుంటారు. శాస్త్రం తెలిసినవాడికి తన సందేహాలు కూడా తెలుసు కనక వాడే ముందు జంకుతాడు. మిగిలేది గట్టిగా మాట్లాడేవాళ్ళూ, అరువిచ్చేవాళ్ళూను. అలాగని చేతులు దులుపుకుని పోవడం ధర్మమా? మనిషిని ఏట్లోకి దిగమని ఒడ్డున నిలబడి ఈత సూత్రాలు చెప్పినట్టుంటుంది.

ఈ రెండింటికీ మధ్య దారి నాకు పుస్తకాల్లో కనబడలేదు. ఆ పక్క చేను పిన్నిగారు చూపించిందట. ఆవిడ చేలో ఒక వార నాలుగు సాళ్ళు ఎప్పుడూ వేరుగా ఉంటాయి. ఒక ఏడు అందులో మొక్కలు దూరం దూరంగా నాటింది. ఒక ఏడు యూరియా సగం తగ్గించి రెండు దఫాలుగా వేసింది. ఇంకో ఏడు వాటి పక్కన జొన్న మొలిపించి, నీలం రంగు జిగురు అట్టలు కట్టి, వాటికి ఎన్ని పురుగులు అతుక్కున్నాయో లెక్కపెట్టుకుంది. ఇదేమిటి పిన్నీ అంటే ఆవిడ చెప్పిన మాట:

"ఆ నాలుగు సాళ్ళే నాయి అబ్బాయ్. మిగతా చేనంతా అప్పులోళ్ళది. తప్పు చేస్తే నా సాళ్ళలోనే చేస్తా, వాళ్ళ సాళ్ళలో ఎందుకు చేస్తా?"

ఈ మాట విన్నాక నాకు తోచింది ఏమిటంటే, చిన్నరైతుకి కావలసింది ఇంకో సలహా కాదు, తప్పు చెయ్యడానికి కాస్త చోటు. తప్పు చెయ్యకుండా నేర్చుకున్న విద్య లోకంలో లేదు. పెద్దరైతు యాభై ఎకరాల్లో ఐదెకరాలు ప్రయోగానికి వదిలితే పేపర్లో ఫొటో వేస్తారు. కాని 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన దేశంలో నూటికి ఎనభై ఆరు కమతాలు అయిదెకరాల లోపువే. సగటు కమతం రెండెకరాల అరవై ఏడు సెంట్లు. ఆ కాస్తలో తప్పుకి చోటెక్కడిది?

ఈ సూత్రం మీద బళ్ళు నడిచాయి కూడా. ఇండోనేషియాలో వరికి పురుగుమందులు విపరీతంగా కొట్టి కొట్టి, దోమని తినే సాలీళ్ళన్నీ చచ్చి, సుడిదోమ చేలని మాడ్చేసింది. 1986లో వాళ్ళు వరి మీద యాభై ఏడు రకాల మందులు నిషేధించారు. నిషేధిస్తే చాలదు కదా, రైతుకి ధైర్యం రావాలి. 1989లో చేలోనే బడి మొదలుపెట్టారు. పాతికమంది రైతులు పంటకాలమంతా వారానికోసారి కలుస్తారు. ఉపన్యాసం ఉండదు. ఒక మడికి అలవాటు ప్రకారం మందు కొడతారు, పక్క మడిలో అవసరమైతేనే కొడతారు. సీసాలో ఒక సాలీణ్ణీ, కొన్ని దోమల్నీ వేసి, తెల్లారి ఎన్ని మిగిలాయో చూస్తారు. కొన్ని దుబ్బుల ఆకులు పురుగు తిన్నట్టుగా చేత్తోనే తుంచేసి, దిగుబడి తగ్గుతుందేమో చూస్తారు. ఆకు కాస్త చిరిగితే చేను చచ్చిపోదని పదిమంది చెప్పడం వేరు, తన చేత్తో తుంచి చూడటం వేరు. మన దగ్గర వీటికి పొలంబడి అని చక్కని పేరు పెట్టారు. అప్పటి ఖమ్మం జిల్లాలోని పునుకుల అనే ఊరు 2004 నాటికి పురుగుమందులే మానేసింది. అక్కడా ముందు కొద్దిమందే వేపగింజల కషాయం పట్టుకుని దిగారు. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చూశారు. గట్టు మీద నిలబడే హక్కు కూడా చదువులో భాగమే.

ఆలోచిస్తే, పరిశోధన కేంద్రాలంటే దేశం తన తప్పుల కోసం వదులుకున్న నాలుగు సాళ్ళే. 1925 నుంచీ మార్టేరులో ఆ పని జరుగుతోంది. 1982లో స్వర్ణ అక్కణ్ణించే వచ్చింది. 1986లో బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చింది. మన కంచంలోకి వచ్చిన ఒక్క రకం వెనక, పనికిరావని పక్కన పడేసిన మొక్కలు వేలకి వేలు. ఆ తప్పుల ఫీజు మనమందరం పన్నుల రూపంలో కట్టాం. ఎవరూ మునగలేదు. అయితే మార్టేరు మట్టి పల్నాడు మట్టి కాదు. కృషి విజ్ఞాన కేంద్రాలవాళ్ళు రైతుల చేలలోనే, కొంత సామగ్రి తామే ఇచ్చి, కొత్త రకాలు వేసి చూపిస్తున్నారు. జిల్లాకి ఒకటీ రెండూ ఉన్న కేంద్రాలు ఎన్ని చేలకని వస్తాయి? దేశానికి సాళ్ళున్నాయి, పిన్నిగారికి సాళ్ళున్నాయి. మధ్యలో ఊరికి లేవు. కౌలుదారుకి అసలే లేవు. అప్పివ్వడానికే వాడి పేరు కాగితం మీద కనబడదు. 2011లో ఒక చట్టం, 2019లో సాగుదారు హక్కుల చట్టం ఆంధ్రప్రదేశ్‌లో వచ్చాయి. రెండోదాని ప్రకారం కార్డు రావాలంటే భూమి గలాయన ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. "ఎందుకొచ్చిన గొడవ!" అంటాడు.

ఇంతకీ ఆ భూమి గలాయన ఎవరు? ఆయన రాక్షసుడేం కాదు. ఊళ్ళో ఎకరమో, రెండెకరాలో కౌలుకిచ్చి పట్నంలో కాపరం ఉంటూ, సంక్రాంతికి బియ్యం బస్తా తెచ్చుకునే మర్యాదస్తుడు. ఆదివారం పూట ఇలాంటి పేజీలు చదువుతూ కూర్చునేవాడు. మీలోనే చాలామంది ఉండొచ్చు.

మా ఆవిడ మేడమీద బీరపాదు పెంచుతుంది. రెండుసార్లు చచ్చింది, మూడోసారి కాస్తోంది. ఈ వ్యాసం చదివి వినిపిస్తే, "మన పాదు చస్తే బజార్లో అరకిలో బీరకాయలు కొనుక్కున్నాం. వాళ్ళ చేను చస్తే వాళ్ళేం కొనుక్కుంటారు? అదీ తేడా. దానికి ఇన్ని కాగితాలెందుకు?" అంది.

ఎందుకంటే చివర ఒక లెక్క చెప్పాలి కనక. ఎకరం కౌలు ముప్పై వేలనుకుందాం. పది సెంట్లకి మూడు వేలవుతుంది. మీ కౌలురైతుని పిలిచి, "ఈ పది సెంట్లకి కౌలు వద్దు. ఇందులో నీ ఇష్టం వచ్చినట్టు తప్పులు చేసుకో. పండితే నీది, ఎండితే మనిద్దరిదీ" అనండి. ఆ సాగుదారు కార్డు మీద సంతకం కూడా పెట్టండి. ధైర్యం చాలకపోతే ముందు చట్టం చదవండి. ఆ కార్డు పదకొండు నెలల సాగుకే గాని భూమి మీద హక్కు ఇచ్చేది కాదని అందులోనే రాసి ఉంది. ఊళ్ళో అలా పదిమంది చేస్తే ఎకరం బడి తయారవుతుంది. దానికి శంకుస్థాపన అక్కర్లేదు, మంత్రిగారూ అక్కర్లేదు.

ఆ తరవాత సలహాలంటారా, ఎన్ని కావాలంటే అన్ని చెప్పండి. మూడు వేలు వదులుకున్నవాడి మాట ఊళ్ళో నలుగురూ వింటారు.